పచ్చి వాసన పోని పాలు

ఆ రోజు శౌరయ్య గారికి రెండు పనులు. పొద్దున గన్నవరం దగ్గర తన పరిశోధనశాలలో సోయా పాలను పదిమందికి రుచి చూపించాలి. మధ్యాహ్నానికి భవానీపురం ఇంటికి వచ్చి, భార్య సువార్తమ్మ గారి ఏడాది ప్రార్థనలో కూర్చోవాలి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. పాలు గట్టెక్కితే ఆ కబురు అదే రోజున ఆవిడ ఫొటో ముందు నిలబడి చెప్పాలని ఆయన ఆశ.

సోయా పాలతో ఒక చిక్కుంది. గింజ నలిగి నీళ్లు తగలగానే పచ్చి చిక్కుడుకాయ లాంటి వాసన పుడుతుంది. ముందే మరిగే నీళ్లలో ముంచితే వాసన తగ్గుతుంది గానీ, ఎక్కువసేపు ముంచితే గింజ బిగుసుకుపోయి పాలే దిగవు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడమే శౌరయ్య గారి ఉద్యోగం. రిటైర్మెంటు వచ్చే నెలలోనే. ఇప్పుడు తేలకపోతే ఇక ఎప్పటికీ తేలనట్టే.

ఇంకో చిక్కు ఎవరికీ తెలియదు. కోవిడ్ వచ్చి తగ్గాక ఆయన ముక్కుకు వాసన తెలియడం మానేసింది. ముక్కు పనిచెయ్యని మనిషి వాసన మీద పరిశోధన చేస్తున్నాడంటే నలుగురూ నవ్వరూ? భార్యతో కూడా చెప్పలేదు. రోజూ సాయంత్రం ఒక గ్లాసు పాలు తెచ్చి, ఆవిడ ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, "తాగి చెప్పు" అనేవారు. ఆవిడ నెమ్మదిగా తాగి, కాసేపు ఆలోచించి, "ఇంకా పచ్చి వాసన వస్తోందండీ" అనేది. మర్నాడు ఆయన మళ్లీ మొదటికి వచ్చేవారు.

ఆవిడ పోయిన చాన్నాళ్లకు గ్లాసు పక్కింటి రాజ్యలక్ష్మి గారికి చేరింది. ఆవిడ మొదటి రోజే "అమృతంలా ఉన్నాయి అన్నయ్యగారూ!" అంది. భార్య పోయిన మనిషితో ఇంకేమంటారు? శౌరయ్య గారు మాత్రం నమ్మేశారు, పాపం.

అలవాటు పోక, రుచి చూపించాల్సిన పాల క్యానును కూడా ముందురోజు ఇంటికి తెచ్చుకున్నారు. తెల్లారగానే మరదలు రావమ్మ పామర్రు నుంచి పాయసానికని గేదె పాలు పట్టుకొచ్చింది. అదీ అలాంటి స్టీలు క్యానే. రెండూ వంటింటి గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. రావమ్మ చూస్తోందని శౌరయ్య గారు ఒకదాని మూత తీసి, వంగి, గట్టిగా గాలి పీల్చి, తృప్తిగా తలాడించి, రావమ్మ క్యానును కారులో పెట్టుకుని వెళ్లిపోయారు.

పరిశోధనశాలలో రుచి చూసేవాళ్లు మాట్లాడకూడదు, పక్కవాళ్ల మొహం చూడకూడదు. పదిమందీ విడివిడిగా కూర్చుని వేడి పాలు తాగారు. పదిమందీ రెండో గ్లాసు అడిగారు. డైరెక్టరు రామకోటేశ్వరరావు గారైతే కుర్చీలోంచి లేచిపోయారు.

"శౌరయ్య గారూ, మా ఇంట్లో తాతల నాటి నుంచీ పాడి ఉందండీ. నన్నెవడూ మోసం చెయ్యలేడు. ఇవి అచ్చం గేదె పాలే! మీగడ చూశారా?"

"గింజ మంచిదండీ," అన్నారు శౌరయ్య గారు వినయంగా.

ఇంకేముంది! డైరెక్టరు గారు ఢిల్లీకి ఫోన్ చేశారు, ఒక కంపెనీకి చేశారు, పేపరు వాళ్లకు చేశారు. శాలువా, పూలదండ కొనుక్కుని శౌరయ్య గారి వెనకాలే భవానీపురం బయల్దేరారు.

ఇక్కడ ఇంట్లో వంటమనిషి అమలమ్మ పాలు కాచగానే ముక్కు చిట్లించింది. పామర్రు గేదె ఏం మేసిందో అనుకుంది. రావమ్మతో మాటలు పడలేక, యాలకులు రెండింతలు దంచి వేసింది. రావమ్మ రుచి చూసి, గిన్నె సరిగ్గా తోమలేదనుకుంది. అక్క ప్రార్థన రోజున గొడవ దేనికని ఊరుకుంది. ప్రార్థన అయ్యాక చుట్టాలు కళ్లు మూసుకుని మింగారు. ఆ ఇంట్లో, ఆ రోజున, పాయసానికి ఎవరు వంకపెడతారు?

అప్పుడే డైరెక్టరు గారు దండతో దిగారు. ప్రార్థన చేయించిన ఫాదర్ గారు ఎదురెళ్లి, "దేవుడు మిమ్మల్ని దీవించుగాక" అంటూ దండ అందుకుని సువార్తమ్మ గారి ఫొటోకి వేసేశారు. డైరెక్టరు గారు కాదనలేక శాలువా ఒక్కటే శౌరయ్య గారికి కప్పి, అందించిన పాయసం ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు.

"ఇది సోయా కదండీ!"

"మా గేదె పాలండీ," అంది రావమ్మ.

"అమ్మా, నా సర్వీసంతా ఈ వాసనతోనే గడిచింది. ముక్కు పగిలిపోతోంది!"

దాంతో అందరికీ నోళ్లు వచ్చాయి. "మాకూ వచ్చిందండీ." "నాకు మొదటి ముద్దకే వచ్చింది." "నేను యాలకులు కూడా వేశానండీ!"

"మరి పొద్దున మేం తాగిందేంటి?" అన్నారు డైరెక్టరు గారు నీరసంగా.

"క్యాన్లు మారిపోయాయండీ! మీరు తాగినవే మా గేదె పాలు!" రావమ్మ బావగారి వైపు తిరిగింది. "మూత తీసి వాసన చూశారుగా బావగారూ?"

శౌరయ్య గారు శాలువా అంచు నలిపారు.

"నాకు వాసన తెలీదు రావమ్మా. కోవిడ్ అప్పట్నుంచీ తెలీదు. మీ అక్కే నాకు ముక్కు. ఆవిడ పోయింది, నేనిలా అయిపోయాను."

రావమ్మ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "అక్కకెక్కడ తెలుసు బావగారూ వాసన?"

"ఏంటీ?"

"కోవిడ్ ఇద్దరికీ ఒకే వారంలో కదా వచ్చింది! అక్కకీ వాసన తెలీడం పోయింది. మీతో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మీ మంచం కింద ఎలక చచ్చి కుళ్లిపోతుంటే, రాజ్యలక్ష్మి గారొచ్చి చెప్పేదాకా మీ ఇద్దరికీ ఎందుకు తెలీలేదో ఇప్పుడర్థమైంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మరి రోజూ పచ్చి వాసన వస్తోందని..."

"నేనూ అడిగాను. 'బాగున్నాయంటే ఇక గ్లాసు పట్టుకుని ఇంటికి రాడే' అంది. 'పెళ్లయ్యాక సాయంత్రాలు ఆ మనిషి నా ఎదురుగా కూర్చున్నది ఇప్పుడే' అంది."

శౌరయ్య గారు శాలువాలో మొహం దాచుకుని, అంతమంది మధ్యా వెక్కివెక్కి ఏడ్చారు. ఎదురుగా కూర్చున్నంతసేపూ ఆయన చూసింది గ్లాసునే. పాలెలా ఉన్నాయని అడిగారు గానీ, నువ్వెలా ఉన్నావని ఒక్కసారైనా అడగలేదు. అమలమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, ఆయన తాగలేకపోయారు.

తర్వాతి వారం డైరెక్టరు గారు, ఢిల్లీ ముందు పరువు దక్కించే పాలు ఎక్కడైనా మిగిలాయేమోనని, శౌరయ్య గారు రోజుకొకటి చొప్పున ఫ్రీజర్లో దాచిన పాత శాంపిళ్లన్నీ కరిగించి, ముక్కులు సరిగ్గా ఉన్నవాళ్లతో వాసన చూపించారు. అన్నిటికీ పచ్చి వాసనే. సువార్తమ్మ గారు ఇచ్చిన తీర్పుల్లో ఒక్కటీ తప్పు పోలేదు.