కటింగ్ ఎక్కడ పుట్టింది?

సాయంత్రం కూతురి నిశ్చితార్థం. కాబోయే అల్లుడి తల తన చేత్తోనే తీర్చిదిద్దాలని సెలూన్ బాబాయ్ ముచ్చటపడ్డాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, అద్దం తుడిచి, పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టాడు. కోటు కుట్టే బాధ్యత పెళ్లికొడుకు తండ్రిది. ఎదురుగా ఉన్న టైలర్ కొట్టు ఆయనదే. మెడ పైన ఒక వియ్యంకుడు, మెడ కింద ఇంకో వియ్యంకుడు అన్నమాట.

కుడివైపు సగం పూర్తయ్యేసరికి పెళ్లికొడుకు మాటల మధ్యలో అన్నాడు. "మా మేనేజరు పనేం చేయడు మామయ్యా. ఊరికే కటింగ్ ఇస్తుంటాడు."

బాబాయ్ కత్తెర ఆగింది. "గొప్పలు పోవడాన్ని కటింగ్ అని ఎందుకంటారో తెలుసా? ఆ మాట పుట్టింది ఈ కుర్చీలోనే! అద్దంలో మొహం కనపడగానే జనానికి ఎక్కడలేని గొప్పలూ గుర్తొస్తాయి. అలాంటివాడితో మా నాన్న, 'తలకి నేనిస్తుంటే నువ్వు నాకిస్తావేంట్రా కటింగ్' అన్నాడు. అంతే, ఊరంతా పాకింది."

సరిగ్గా అప్పుడే టైలర్ కోటు పట్టుకుని లోపలికి వచ్చాడు. "అదేంటి బావగారూ! అది మా తాత మాట. జానెడు గుడ్డ తెచ్చి కోటు కుట్టమన్నవాడితో, 'గుడ్డ తక్కువ, కటింగ్ ఎక్కువ' అన్నాడు."

"మీ తాత దిండు గలీబులు కుట్టేవాడని విన్నానే! వాటికి కటింగేముంటుంది?"

"మీ నాన్న వచ్చినవాడికల్లా గుండే కొట్టేవాడట! గుండుకి మాత్రం ఏముంటుంది?"

దాంతో బాబాయ్ కత్తెర జేబులో పెట్టేశాడు. "ఆ మాట మాదని ఒప్పుకుంటేనే మిగతా సగం తల!"

టైలర్ కోటుకి తాత్కాలికంగా టాకాలు వేసి ఉన్న ఎడమ చెయ్యి పరపరా ఊడదీశాడు. "అయితే ఈ చెయ్యి కుట్టేదే లేదు!"

"నాన్నా, మామయ్యా, సాయంత్రం..."

"నువ్వాగరా!" అన్నారిద్దరూ. పొద్దుటి నుంచి వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

పోనీ ఇంకో సెలూన్‌కి వెళ్తానంటే, "గడప దాటితే సంబంధం లేదు" అన్నాడు మామ. రెడీమేడ్ కోటు కొనుక్కుంటానంటే, "కొంటే నేను రాను" అన్నాడు తండ్రి. మధ్యాహ్నం దాటినా సగం తలతో, ఒంటిచేతి కోటుతో పెళ్లికొడుకు కుర్చీలోనే ఉన్నాడు. వియ్యంకులు చెరో బల్ల మీద బిగుసుకు కూర్చున్నారు.

ఫోన్ చేసి చేసి విసిగిపోయిన పెళ్లికూతురు స్వయంగా వచ్చింది. జరిగిందంతా విని నడుమున చేతులు పెట్టుకుంది.

"చెరో సగంలో ఆపేస్తే నాకు మిగిలేది సగం మొగుడా?"

 అయినా ఒప్పుకోవడం ఇద్దరిలో ఎవరి వల్లా కాలేదు.

ఆమె జుట్టు తీసే మెషిన్ అందుకుంది. చిన్నప్పటి నుంచి నాన్న కొట్లో పెరిగిన పిల్లే కానీ, చూడ్డమే తప్ప ఎప్పుడూ చేసింది లేదు. ఒక్కో గీతకీ ఒక్కో పక్క హెచ్చుతగ్గులొస్తుంటే, చివరికి మొత్తం నున్నగా లాగేసింది. తర్వాత కత్తెర తీసి కోటు రెండో చెయ్యి కూడా తెగ్గోసింది.

"ఇప్పుడు అన్నీ సమానం. పదండి."

"గాలి బాగా తగులుతోంది" అన్నాడు పెళ్లికొడుకు బుద్ధిగా.

సాయంత్రం హాల్లో నిశ్చితార్థం నిక్షేపంగా జరిగింది. నిగనిగలాడే గుండునీ చేతుల్లేని కోటునీ జనం ఎగాదిగా చూశారు. పెళ్లికొడుకు మేనత్త ఉండబట్టలేక గట్టిగానే అడిగింది. "ఈ కటింగ్ ఎవరి కొట్లో పుట్టిందర్రా?"

బాబాయ్ టైలర్‌ని చూపించాడు. టైలర్ బాబాయ్‌ని చూపించాడు.

తమ కొట్లో మాత్రం పుట్టలేదని ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్పారు.