అరువు గేదెల కొలువు

పాల కేంద్రం నుంచి పొద్దున్నే వచ్చిన కాగితాన్ని రెండు గేదెల ఆసామి సగం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సగంలోనే ఆయనకు కావలసినదంతా దొరికింది. పాలు చల్లబరిచే యంత్రం ఇస్తారట, పది గేదెలుండాలట, పదకొండింటికి ఆఫీసరమ్మ చూడడానికి వస్తుందట.

ఆ యంత్రం కోసం ఆయన చేత దరఖాస్తు పెట్టించి, ఆయన భార్య రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. పాలబండి రోజుకు ఒక్కసారి, ఉదయమే వస్తుంది. సాయంత్రం పిండినవి తెల్లారేసరికి విరిగిపోతాయి, వాటితోపాటు ఆవిడ మనసూ విరుగుతుంది. పొద్దుటి పాలు బండిపాలు, సాయంత్రం పాలు మట్టిపాలు!

"రెండున్నాయి. ఇంకో ఎనిమిది తక్కువ," అన్నాడు ఆసామి, కూరలో ఉప్పు తగ్గినంత తేలిగ్గా.

"ఎనిమిది గేదెల్ని ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?" అంది భార్య.

"వీధి నిండా ఉన్నాయిగా! ఒక్కపూట అరువిస్తే అరిగిపోతాయా?"

ఆరిళ్లు తిరిగాడు. పక్కింటి టైలరు తన ఒక్క గేదెనూ ఇస్తూ, "మధ్యాహ్నానికల్లా పంపెయ్ బావా. మా ఆవిడ చెయ్యి పడితే గానీ చుక్క పాలివ్వదు," అన్నాడు. పాకలో రెండు గేదెలకు రెండు మేకులే ఉన్నాయి. అరువొచ్చిన ఎనిమిదింటి పలుపులూ ఆసామి పాక నడిమి గుంజకే కట్టేశాడు.

ఆఫీసరమ్మ జీపు టైరు దారిలో పేలి, నాలుగింటికి వచ్చింది. నాలుగంటే పాలు పిండే వేళ. ఆరిళ్లలో దూడలు ఒక్కసారిగా అరిచాయి. పాకలో ఎనిమిది తల్లులూ చెవులు రిక్కించాయి.

"ఏడు, ఎనిమిది..." ఆఫీసరమ్మ పాక బయట నిలబడి లెక్కపెడుతుండగా గుంజ కదిలింది. తొమ్మిది దగ్గర ఊడింది. పది అనేసరికి పాక గడ్డికప్పు ఆసామి నెత్తిన కూర్చుంది. పలుపులు గుంజ నుంచి జారాయి, గేదెలు వీధిన పడ్డాయి. ఆయన పరువూ వాటి వెనకే పడింది.

"ఎక్కడికండీ అవి?"

ఆసామి గడ్డిలోంచి తల బయటపెట్టాడు. "సాయంత్రం నడక అలవాటండి. ఒంటికి మంచిది!"

"తలో ఇంట్లో దూరుతున్నాయే?"

"చుట్టరికాలు ఎక్కువండి."

ఆఫీసరమ్మ గేదెల వెంట నడిచింది. తలలో గడ్డితో ఆసామి ఆవిడ వెంట నడిచాడు. టైలరు భార్య చెంబుతో గుమ్మంలోనే ఉంది. "వచ్చావా తల్లీ! ఏం అన్నయ్యా, మా గేదె ఉద్యోగం అయిపోయిందా?"

ఆ మాటకు వీధంతా చెంబులతో బయటికొచ్చింది. ఆఫీసరమ్మ ఆసామి వైపు తిరిగింది. "కాగితం మొత్తం చదివారా?"

"పది గేదెలు అన్నదాకా చదివానండి. ఆపైన గేదెల్ని వెతకాలి కదా!"

ఆయన జేబులోంచి తీసిచ్చిన కాగితం ఆవిడ విప్పి, చదవని సగం అందరికీ వినిపించింది. పది గేదెలూ ఒక్కరివే కాకూడదు. ఒకటీ రెండూ ఉన్న చిన్న రైతులు కనీసం అయిదిళ్ల వాళ్లు కలవాలి.

"పదీ ఒకే పాకలో చూసి, ఎవరో పెద్దాసామి అనుకున్నాను. మీ దరఖాస్తు కొట్టేయబోయాను. మా బండి నిండేది పెద్ద పాకలతో కాదండీ, ఈ చెంబులతోనే," అని నవ్వుతూ సంతకం పెట్టింది. "ఏడిళ్లు లెక్క తేలాయి. యంత్రం ఎక్కడ పెట్టమంటారు?"

ఆసామి భార్య కూలిన పాక వైపు చెయ్యి చూపించింది.

"మా ఆయన పొద్దున్నుంచీ చోటు సిద్ధం చేస్తూనే ఉన్నాడమ్మా."