లాంథనం నైట్రేటుకు కప్పిన శాలువ

నారాయణఖేడ్ ప్రాంత ప్రజలకు శుభవార్త. మంచినీళ్ల కరువు తీరిపోయింది. ఇంతటి ఘనకార్యం ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో, అదీ నల్లా లేని ల్యాబులో జరగడం మనందరి అదృష్టం.

ఆ ల్యాబుకు నల్లా పెట్టించమని లెక్చరర్ క్రిస్టీనా ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అడుగుతోంది. చేతిమీద యాసిడ్ పడితే హాస్టల్ బోరు దాకా ఉరకడం పిల్లలకు మంచి వ్యాయామంగా ఉండేది. "ఏదన్న పెద్ద పని చేసి చూపెట్టుండ్రి మేడం, కాలేజీ వార్షికోత్సవానికొచ్చే ముఖ్య అతిథి చెవిల నల్లా ముచ్చట నేనేస్త" అన్నాడు ప్రిన్సిపాల్ బస్వరాజ్.

సరేనని ఆమె లాంథనం ఆక్సైడును పలుచని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, నెమ్మదిగా ఇగిర్చి, తెల్లని లాంథనం నైట్రేటు స్ఫటికాలు తీసింది. ఉత్ప్రేరకాల తయారీకి పనికొచ్చే అరుదైన లవణం అది. ఒక్కటే బలహీనత. గాలిలో తేమ తగిలితే పీల్చుకుని తానే నీరైపోతుంది. అందుకే బిగుతు మూత ఉన్న సీసాలో దాచింది.

మర్యాద ఆ మూత తీయించింది. వార్షికోత్సవం నాడు, పెద్దమనిషికి సీసా చూపిస్తే ఏం బాగుంటుందని బస్వరాజ్ స్ఫటికాలను స్టీలు పళ్లెంలో పరిపించి, చుట్టూ బంతిపూలు పేర్పించాడు. బయట ముసురు పట్టింది. ముఖ్య అతిథి తన హోదాకు తగినంత ఆలస్యంగా విచ్చేశారు. అప్పటికి పళ్లెంలో నీళ్లున్నాయి.

"ఉప్పేది?" అన్నారాయన.

"గాలిల తేమ గుంజుకొని నీళ్లయింది సార్." క్రిస్టీనా నిజమే చెప్పింది.

"గాలిలకెల్లి నీళ్లా!" ఆయన మైకు అందుకున్నారు. "ఇగ మన కంగ్టి ఊర్లకు పైపులేంది, ట్యాంకర్లేంది? ఇంటికొక పళ్లెం, పిడికెడు ఉప్పు! మన బిడ్డ చేసింది!"

సభ దద్దరిల్లింది. అవి తాగే నీళ్లు కావని చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోగా భుజాలమీద శాలువ పడింది. పాపం, ఆమె కూడా చప్పట్లు కొట్టింది. ఫొటో చాలా బాగా వచ్చింది.

మర్నాడు నల్లా మాట ఎత్తితే బస్వరాజ్ నొచ్చుకున్నాడు. "గాలిలకెల్లి నీళ్లు తీసే ల్యాబుకు నల్లా ఏంది మేడం, మంది నవ్వరా?"

వారం తిరక్కుండా కంగ్టి నుంచి సంగమ్మ అనే ముసలామె ఖాళీ బిందెతో షేర్ ఆటో దిగింది. "మా బోరెండింది మేడం. గా ఉప్పు జరంత ఇయ్యి."

క్రిస్టీనాకు తల కొట్టేసినట్టయింది. "గా నీళ్లు తాగొద్దమ్మా, పానం ఖరాబైతది."

"తాగనీకి పనికిరాకుంటే మరి నీకు శాలువెందుకు కప్పిండ్రు?"

ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్లెవరైనా వచ్చి ఆమెకు జవాబు చెప్పవచ్చు. ల్యాబు తెరిచే ఉంది. చేతులు కడుక్కోవడానికి నీళ్లు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.