భోజనమైందా సార్

ఆదివారం చర్చి నుంచి రాగానే ఏదో ఒకటి తేల్చేయాలని మైసయ్య పొద్దున్నే అనుకున్నాడు. మంచిర్యాల బడిలో లెక్కలు చెప్పే మనిషి, కూతురు క్యాథరిన్‌కు రెండు ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏది నయమో తేల్చలేక వేసవంతా గడిపాడు. ఒకటి హైదరాబాద్ అవతల: ఫీజు ఎక్కువ, కోరుకున్న కోర్సు ఉంది, ఉద్యోగాలు వస్తాయంటారు. రెండోది వరంగల్ దారిలో: ఫీజు తక్కువ, ఉద్యోగాల మాటెత్తితే భవనాలు చూపిస్తారు. సోమవారంతో గడువు ముగుస్తుంది.

నిజానికి అది తేలిక లెక్కే. తేలితే ఫోన్లు ఆగిపోతాయి.

హైదరాబాద్ వాళ్ళ తరఫున ఫర్హీన్ అనే అమ్మాయి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. "భోజనమైందా సార్?" అన్నది ఆమె మొదటి మాట. అందరినీ అలాగే అడగమని నేర్పి ఉంటారని అతనికి తెలుసు. కానీ చలికాలంలో భార్య రిబ్కమ్మ పోయాక తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు ఏమీ అడగకుండానే తింటున్నారు. అందుకని ఏం తిన్నాడో చెప్పి, ఓ కొత్త సందేహం అడిగేవాడు. ఆమె జవాబును వరంగల్ దారి యూనివర్సిటీ తరఫున మాట్లాడే సదానందానికి చెప్పి సరిచూసుకునేవాడు. సదానందం ఉడుక్కుని ఫీజు తగ్గించేవాడు. అది విని ఫర్హీన్ ఇంకొంత తగ్గించేది. ఇంతగా బేరమాడే సార్ ఒక్క బిడ్డ కోసం ఆడడు, తన దగ్గర చదివిన పిల్లలందరినీ తెస్తాడని రెండు వైపులవాళ్ళకూ తోచింది.

చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు రెండు కార్లున్నాయి. సదానందం పళ్ళతో దిగాడు. ఫర్హీన్ పైఅధికారులు మిఠాయిలతో దిగారు. పక్కింటి రమకు చూడగానే అర్థమైపోయింది, ఈడొచ్చిన పిల్ల ఉన్న ఇల్లు కదా. కుర్చీలు, టీ తెచ్చి మైసయ్య చెవిలో మందలించింది.

"ఒకళ్ళను పంపినంక ఇంకొకళ్ళను పిలవాలె సార్. గిట్ల రెండు సంబంధాలోళ్ళను ఒక్కపారే కూసోబెడ్తరా?"

అతను నోరు తెరిచేలోగా ఆమె సదానందాన్ని నౌకరీ సంగతి అడిగింది. చేరిన నాలుగేళ్ళకు ఖాయమన్నాడతను. రమ టీ గ్లాసు వెనక్కి తీసుకుంది. చర్చి నుంచి వెళ్ళేవాళ్ళు ఆగారు. పాస్టరుగారు ఆశీర్వదించడానికి చేయెత్తారు.

అప్పుడు క్యాథరిన్ బయటికొచ్చింది.

"బాపూ, కరీంనగర్ సర్కారు యూనివర్సిటీల సీటు తీసుకున్న. పోయిన వారమే. అనిల్ మామ తోడొచ్చిండు."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే ఫోన్లు బందైతయని." ఆమె తలెత్తలేదు. "గా ఫోనొస్తదనే నువ్వు యాళ్ళకు తింటున్నవ్."

పాస్టరుగారు చేయి దించారు. సదానందం పళ్ళు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు క్యాథరిన్ హాస్టల్‌కు సామాను సర్దుకుంటుంటే, మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"భోజనమైందా సార్?" ఫర్హీన్ అదే మాటతో మొదలుపెట్టింది. "సార్, మీరెప్పుడన్నా పీహెచ్‌డీ చేద్దామనుకున్నరా?"

మైసయ్య ముందుగా ఆమెను, వాళ్ళ హాస్టల్లో అన్నం ఎన్ని గంటలకు పెడతారో అడిగాడు.