సంతలో కట్టేసిన కారు

ఆ ఆదివారం సేతుమాధవరావుగారికి పడ్డ పని చాలా చిన్నది. ఆదోనిలో ఏడు గంటల బస్సెక్కాలి, ఎమ్మిగనూరులో దిగాలి, యేసురత్నానికి లక్షా ఎనభై వేలు ఇవ్వాలి, అతని తెల్ల కారు తోలుకుని ఇంటికి రావాలి. నిజానికి ఎవరికి చెప్పినా చేసుకొచ్చే పనే. కాని ఆ ఎవరో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టరు కాకూడదు.

కారు కావాలన్నది ఆయన సరదా కాదు. భార్య తులసీబాయికి మోకాళ్ళు పట్టేశాయి. పెళ్ళయిన నాటి నుంచి గురువారం తప్పకుండా మంత్రాలయం వెళ్ళి రాయరు స్వామివారి దర్శనం చేసుకున్న మనిషి, బస్సు మెట్టు ఎక్కలేక పన్నెండు గురువారాలుగా ఇంట్లోనే ఉండిపోయింది. పైకి ఏమీ అనదు. గురువారం నాడు మాత్రం చారులో ఉప్పు వేయడం మరిచిపోతుంది. ఉప్పు లేని చారు పన్నెండు సార్లు తాగాక రావుగారు అరవై రెండేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకుని, వచ్చే గురువారం సొంత కారులో తీసుకుపోతానని ఆమెకు మాట ఇచ్చారు.

కారు కూడా దొరికింది. యేసురత్నం ఒకప్పటి ఆయన శిష్యుడే. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. కోడుమూరుకు బదిలీ అయింది, అక్కడ ఆస్పత్రి పక్కనే ఇల్లు, ఇక కారెందుకని అమ్మేస్తున్నాడు. మీ దగ్గర బేరమేంది సార్, లక్షా ఎనభై ఇయ్యండి చాలు అన్నాడు. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. ఆ ధర ఎక్కువైతే తాను మోసపోయినట్టు. తక్కువైతే శిష్యుణ్ణి మోసం చేసినట్టు. ఏది ఎంతో తేలేదాకా రావుగారికి అన్నం సహించలేదు. ఫోనులో వెతికితే ఒకచోట లక్షన్నర, ఇంకోచోట రెండుంపావు కనిపించాయి. మెకానిక్కు లక్షా అరవై అన్నాడు. పక్కింటాయన రెండు లక్షలకు తక్కువ వస్తోందంటే ఏదో లోపం ఉన్నట్టేనని భయపెట్టాడు. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని సగటు కట్టారు గాని, అబద్ధాలకు సగటు కడితే నిజం వస్తుందా అని మళ్ళీ అనుమానం పట్టుకుంది.

"అడిగినంత ఇచ్చి తీసుకొని రాండి," అంది తులసీబాయి గడపలో నిలబడి. "నాలుగున్నరకు రాహుకాలం. అంతలోపల కారు వాకిట్లో ఉండాల. హారతి పళ్ళెం రెడీగా పెట్టుకొనుంటా."

ఆయన ఎమ్మిగనూరు చేరేసరికి యేసురత్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి బయలుదేరుతున్నాడు. తాళం సారు చేతిలో పెట్టి, పన్నెండుకు వస్తాను, అంతలోపల తోలి చూసుకోండి, నమ్మకమైనవాళ్ళకు చూపించుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. రావుగారు రెండో గేరులో ఊరంతా తిరిగారు. ఆదివారం కావడంతో మెకానిక్కు షెడ్లన్నీ మూసి ఉన్నాయి. చివరికి ఒక టీ అంగడి ముందు కారాపి, పక్కన కూర్చున్న రైతుకు తన బాధంతా చెప్పుకున్నారు.

ఆ రైతు పేరు ఉచ్చీరప్ప. గోనెగండ్ల పక్కన పల్లె. కొడుకు హరికృష్ణ ఆదోనిలో ఎవరెవరివో కార్లు బాడుగకు తోలుతున్నాడు. వాడికి సొంత బండి ఒకటి కొనిద్దామని, ఆ పొద్దు సంతలో ఎద్దుల జత అమ్మేసి డబ్బు నడుముకు కట్టుకుని కూర్చున్నాడు. రావుగారు చెప్పిందంతా శ్రద్ధగా విని, సాసర్లో టీ పోసుకుని తాగి, మెల్లగా నోరు విప్పాడు.

"ధర ఒకరిని అడిగితే తెలీదు సార్. సంతలో కట్టేస్తే తెలుస్తాది. నా ఎద్దుల్ని మూడు వారాలు ఊరికే తోలకొచ్చి కట్టేసినా. వచ్చినోళ్ళు అడుగుతాంటారు, మనం వింటాండాల. పదిమంది అడిగినాక ధర యాడుందో మనకే ఎరుకైతాది. అమ్మాలని ఏముంది? సాయంత్రం ఇంటికి తోలకపోతాం."

రావుగారి ఒళ్ళు పులకరించింది. ఎంత చక్కటి పద్ధతి! నలుగురి మాట కాదు, నాలుగు వందల మంది మాట. ఒక పెద్దమనిషి ఇంకొకరి కారును పశువుల సంతలో కట్టేయొచ్చునా అన్న ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. తట్టి ఉంటే ఈ కథే లేదు.

సంత గేటు దగ్గర రుసుము వసూలు చేసేవాడికి కారుకు ఎంత తీసుకోవాలో తెలియలేదు. కాసేపు తల గోక్కుని, ఎద్దు రసీదే చింపి, రంగు అన్నచోట తెలుపు అని రాసిచ్చాడు. రావుగారు దాన్ని భద్రంగా జేబులో పెట్టుకుని, రెండు పాడి ఎనుముల మధ్య ఖాళీ చూసి కారు నిలిపారు.

ఐదు నిమిషాల్లో జనం మూగారు. ఒకడు చక్రాన్ని తన్ని చూశాడు. ఇంకొకడు బానెట్టు ఎత్తి, ఎద్దు పళ్ళు చూసినట్టే లోపల తలపెట్టి చూశాడు. ముందుకు నడిపించమన్నారు, వెనక్కి నడిపించమన్నారు. లక్షన్నర అన్నాడొకడు. లక్షా అరవై ఐదు అన్నాడు మరొకడు. రావుగారు అన్నీ రాసుకుంటున్నారు. అమ్ముతానని ఆయన ఒక్కసారీ అనలేదు, అమ్మనని కూడా అనలేదు.

అంతలో సంతలో బేరాలు కుదిర్చే దళారి రామాంజి వచ్చి, బేరం ఇట్లా బహిరంగంగా చేయకూడదని మందలించి, భుజం మీది తువ్వాలు తీసి సారు చేతి మీద కప్పాడు. కొనేవాడు తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకుంటాడు. పట్టుకున్నన్ని వేళ్ళు, అన్ని పదివేలు. లక్షల సంగతి ముందే చెవిలో చెబుతారు. ఎవడెంత అన్నాడో పక్కవాడికి తెలియదు. ఈ ఏర్పాటు చూసి రావుగారు ముగ్ధులైపోయారు. పిల్లలకు కూడికలు ఇట్లా నేర్పి ఉంటే ఎంత బాగుండేదని ఒక్క క్షణం బాధ కూడా పడ్డారు. అక్కడితో లేచి రావలసిన మనిషి, ఇంకెంతదాకా పోతుందో చూద్దామన్న కుతూహలం కొద్దీ వచ్చిన ప్రతివాడికీ చెయ్యి అందిస్తూ కూర్చున్నారు.

ధర లక్షా తొంభైకి వచ్చింది. అప్పుడొకడు ఇది కాంపౌండరు యేసురత్నం కారని గుర్తుపట్టాడు. అంతే, సంత కదిలింది. చుట్టుపక్కల ఏ పల్లెలో పశువు ఈనలేక అల్లాడినా ఈ కారే వచ్చేది. దీని చెయ్యి మంచిదన్నారు. కారుకు చెయ్యేమిటని రావుగారు అడిగేలోపే ధర రెండు లక్షల పదివేలైంది. ఆ గొడవ విని ఉచ్చీరప్ప పరుగున వచ్చాడు. ఈ బండి యేసురత్నందని టీ అంగడిలోనే ఎందుకు చెప్పలేదని నిష్ఠూరమాడాడు. తన ఎనుమును బతికించింది ఈ బండేనట. తువ్వాలు కింద చెయ్యి దూర్చి రెండు వేళ్ళూ, మూడోదాంట్లో సగమూ పట్టుకుని, రెండు లక్షల ఇరవై ఐదని చెప్పి, సారు గుప్పిట్లో బయానాగా ఐదువందల నోటు కుక్కేశాడు.

రామాంజి తువ్వాలు ఎత్తి, బయానా పడింది, బేరం తెగింది అని కేక పెట్టాడు. గుప్పిట్లో బయానా పడ్డాక పశువును వెనక్కి తోలుకుపోవడం ఆ సంత పుట్టాక జరగలేదట. రావుగారు నోటు వెనక్కి చాచారు.

"నేను అమ్మేవాణ్ణి కాదప్పా," అన్నారు. "నేను కొనేవాణ్ణి."

"కొనేటోనివైతే, కారు ఇంకా ఎవరిది?" అన్నాడు రామాంజి.

"యేసురత్నందే."

"ఆయప్పకు సెప్పినావా, సంతకు తెస్తాండానని?"

రావుగారు అబద్ధం ఎరుగని మనిషి. చెప్పలేదన్నారు. మాస్టరును చూస్తే దొంగ మాదిరి లేడని ఒకాయన జాలిపడితే, దొంగ దొంగ మాదిరి ఉంటే ఎవడన్నా తాళం ఇస్తాడా అని ఇంకొకాయన తిప్పికొట్టాడు. యేసురత్నానికి ఫోను కొట్టారు. ప్రార్థనలో ఉన్నాడు, ఫోను ఆపేసి ఉంది. అందుకని రామాంజి తాళం జేబులో వేసుకుని, అంతటితో నమ్మకం చాలక, కారు ముందు భాగానికి పగ్గం వేసి గుంజకు కట్టేశాడు. రావుగారిని పక్కనే మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. దొంగకైనా ఎండకు మజ్జిగ ఇవ్వడం మర్యాద.

యజమాని కానివాడి చేతిలో పడింది బయానా కాదని రామాంజి ధర్మసూక్ష్మం తీశాడు. కాబట్టి బేరం మళ్ళీ మొదలు, ఈసారి తువ్వాలు లేకుండా బహిరంగంగానే. లక్ష్మప్ప అనే మేకల వ్యాపారి రెండు లక్షల ముప్ఫై ఐదన్నాడు. ఉచ్చీరప్ప పట్టుదల కొద్దీ నలభై అన్నాడు. లక్ష్మప్ప దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. రావుగారు ఆ అంకె కూడా రాసుకున్నారు. అలవాటు మరి.

పన్నెండున్నరకు యేసురత్నం కబురు తెలిసి ఎవరిదో బైకు మీద వచ్చాడు. పగ్గంతో కట్టేసిన కారును చూశాడు, పక్కన మజ్జిగ గ్లాసుతో ఉన్న గురువుగారిని చూశాడు. నలుగురూ నాలుగు వైపుల నుంచీ చెప్పిందంతా విన్నాడు. రెండు లక్షల నలభై అన్న మాట దగ్గర అతని మొహంలో ఏదో మెదిలింది. బదిలీ అయిన మనిషికి అరవై వేలంటే తమాషా కాదు. అయినా రామాంజి దగ్గర తాళం తీసుకుని వచ్చి, గురువుగారి ముందు నిలబడ్డాడు.

"మీకు మాటిచ్చినా సార్. లక్షా ఎనభై అని మీరంటే ఇప్పుడే తాళం మీ చేతిలో పెడతా. కానీ లెక్క నేర్పినోళ్ళు మీరు. న్యాయమైన ధర ఎంతో మీరే సెప్పండి."

రావుగారి సంచీలో ఉన్నది సరిగ్గా లక్షా ఎనభై. అప్పు చేసి కారెక్కే వయసు కాదు. వాకిట్లో హారతి పళ్ళెం పట్టుకున్న తులసీబాయి కనిపించింది, రానున్న గురువారాల చారు నాలిక మీద తగిలింది. ఒక్క అబద్ధం ఆడితే చాలు. నోటుబుక్కు తెరిచారు. ఒక పూటంతా ఎండలో కూర్చుని తాను స్వయంగా కనుక్కున్న జవాబు అందులో ఉంది.

"రెండు లక్షల నలభై వేలు," అన్నారు.

రామాంజి పగ్గం విప్పాడు. ఉచ్చీరప్ప నడుము విప్పి ఉన్నంత ఎంచి ఇచ్చి, మిగతాది కొడుకు రేపు తెచ్చిస్తాడన్నాడు. యేసురత్నం సారు కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అంతా సవ్యంగా ముగిసినట్టే అనిపించింది గాని, కారును ఆదోనిలో ఉన్న హరికృష్ణ దగ్గరకు ఎవరు చేర్చాలన్న ప్రశ్న మిగిలింది. ఉచ్చీరప్పకు ఎద్దులబండి తప్ప ఇంకేదీ తోలడం రాదు. అందరూ కలిసి రావుగారి వైపు చూశారు.

అట్లా ఆయన ఆ కారు తోలుకుంటూనే ఇంటికి వచ్చారు. నాలుగుంపావుకు కారు వాకిట్లో ఆగింది. తులసీబాయి కళ్ళనిండా నీళ్ళతో, కుంటుతూ ఎదురొచ్చి మూడుసార్లు హారతి తిప్పింది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుని తలపాగాతో ఉచ్చీరప్ప దిగాడు. సొంత బండిలో ముందు కూర్చుంటే క్లీనరనుకుంటారని దారంతా వెనక సీట్లోనే కూర్చున్నాడు.

రావుగారు తలవంచుకుని జరిగింది చెప్పారు. ఆమె అంతా విని, భర్తను ఏమీ అనకుండా ఉచ్చీరప్ప వైపు తిరిగింది.

"మీ కొడుకు గురువారాలు మంత్రాలయానికి బాడుగ వస్తాడా నాయనా? పోనూ రానూ ఎంత?"

"మనలో మనకేముందమ్మా. సార్ను అడుగుదాం, న్యాయంగా ఎంతైతే..."

"ఆయన్ను అడగద్దు," అంది తులసీబాయి. "పదహైదు నూర్లు ఇస్తా."

ఉచ్చీరప్ప సరేనన్నాడు. న్యాయం ప్రసక్తి లేకపోవడంతో ఆ బేరం అర నిమిషంలో ముగిసింది.