మూడో గల్లీ డంపింగ్ కేసు

ఆ శనివారం పొద్దున సుజన వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేయడం, నోట్సు ఒకసారి తిరగేయడం, మధ్యాహ్నం రెండింటికి లాప్‌టాప్ ముందు కూర్చోవడం. జెనీవాలో అంతర్జాతీయ వాణిజ్య రాజకీయాల మీద రెండు వారాల కోర్సు ఉంది. అందులో ఫీజు లేని సీటు ఒక్కటంటే ఒక్కటే. ఇవాళ దానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో నాలుగేళ్ళుగా ప్రపంచ దేశాల గురించి పాఠాలు చెబుతున్న సుజన, వాటిలో ఒక్క దేశమైనా కళ్ళారా చూడాలని ఎంతో ఆశ పెట్టుకుని ఉంది.

"ఏమడుగుతరంట బిడ్డా?" అంది వంటింట్లోంచి తల్లి అండాలు.

"డంపింగ్ గురించమ్మా. దానికి వ్యతిరేకంగా మాట్లాడాలె."

ఒక దేశం తన సరుకును కారుచౌకగా తెచ్చి పక్క దేశం మార్కెట్లో కుమ్మరించడాన్ని డంపింగ్ అంటారు. ఈ ముక్క సుజన తల్లికి చెప్పి ఉంటే ఈ కథే లేదు. అప్పుడే కుక్కర్ కూత పెట్టింది, చెప్పలేదు.

ఎల్బీనగర్‌లో వాళ్ళుండే కాలనీలో డంపింగ్‌కు ఒకటే అర్థం. మూడో గల్లీ చివర ఖాళీ ప్లాటుంది. నాలుగో గల్లీ వాళ్ళు తమ చెత్తంతా తెచ్చి అందులో పోస్తారు.

నీళ్ళ ట్యాంకర్ దగ్గర అండాలు పక్కింటి సైదమ్మతో అంది, "మా సుజన గీ డంపింగ్ మీద మాట్లాడనీకి ఫారిన్ పోతాంది. రెండు గొట్టంగ కంప్యూటర్ల పెద్దసార్లు అడుగుతరంట."

"మన చెత్త గురించేనా వదినె?"

"మరింకేంది!"

సైదమ్మ కడుపులో మాట దాగదు. పావుగంటలో అది కాలనీ సంఘం అధ్యక్షుడు భానుమూర్తి గారిని చేరింది. ఆయనది తెనాలి. కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు యూనిట్ ధరల టారిఫ్ లెక్కలు చూసి రిటైరయ్యారు. ఆ కుప్ప మీద ఇప్పటికి నలభై ఒక్క అర్జీలు పెట్టారు. జవాబు ఒక్కదానికీ రాలేదు.

"ఇన్నాళ్ళకి మన చెత్తకి అంతర్జాతీయ గుర్తింపు వచ్చిందండీ!" అని ఆయన సఫారీ సూటు ఇస్త్రీకి ఇచ్చారు. ఒంటిగంటకల్లా డెబ్బై సంతకాలు పోగయ్యాయి. కాలనీ వాట్సాప్ గ్రూపులో కబురు పొక్కి, నాలుగో గల్లీ దశరథ దాకా పోయింది.

"ఏంది? ఫారినోళ్ళ ముంగట మా ఇజ్జత్ తీస్తరా?" అని అతను చెప్పులు వేసుకున్నాడు.

సరిగ్గా రెండింటికి తెర మీద ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ చిరునవ్వుతో, "మీకు దగ్గరగా తెలిసిన డంపింగ్ ఉదాహరణ ఒకటి చెప్పండి" అంది. సుజన నోరు తెరిచింది. అంతలో తలుపు కూడా తెరుచుకుంది. అర్జీల ఫైలుతో భానుమూర్తి గారు, ఆయన వెనక మూడో గల్లీలో సగం మంది.

"అంకుల్, ఇంటర్వ్యూ నడుస్తుంది, ప్లీజ్!"

"నువ్వు చిన్నపిల్లవమ్మా, మొహమాటపడతావు. నేను చెప్తానుండు" అని ఆయన లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నారు. ఆ పైన మాటలు ఇంగ్లీషులో జరిగాయి. ఆయన ఇంగ్లీషును తెలుగులో రాస్తే అందం పోతుంది గానీ, తప్పదు.

"మేడం, మూడేళ్ళుగా డంపింగ్! పక్కవాళ్ళు సరిహద్దు దాటొచ్చి మరీ చేస్తున్నారు!"

"ఏ ధరకు?"

"ధరేంటండీ! మొత్తం ఫ్రీ!"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. సరుకును ఊరికే ఇచ్చేసే దేశం వాళ్ళ సర్వీసులో తగల్లేదు.

"పరిమాణం?"

"రోజుకు రెండు ట్రాలీలు. పండగలకి నాలుగు."

"దేశీయ పరిశ్రమకు నష్టం?"

భానుమూర్తి గారికి అందులో డొమెస్టిక్ అన్న మాట ఒక్కటే వినిపించింది. "డొమెస్టిక్కే కదండీ నాశనమైంది! ఏ ఇంట్లోనూ కిటికీ తియ్యలేం. మా ఆవిడకి డెంగీ!"

"టారిఫ్ వేస్తే ఆగుతుందంటారా?" ఆమె ఉద్దేశం దిగుమతి సుంకం.

"టారిఫ్ సంగతి నాకు చెప్పకండి మేడం. ముప్పై ఏళ్ళు నేను చూసిందే టారిఫ్!"

ప్రొఫెసరమ్మ గబగబా రాసుకుంది. ఇంతలో దశరథ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మీరు జేయరా? మొన్న మీ కొబ్బరిబోండాలన్నీ మా మోరీల ఏసిన్రు!"

"ఆయనేమంటున్నారు?"

భానుమూర్తి గారు నిజాయితీపరుడు. "మేమూ తిరిగి వేశామంటున్నాడండీ."

"ప్రతీకార చర్య! ఉభయ పక్షాలూ ఒకే గదిలో!" అని ఆమె మురిసిపోయింది.

సుజన జనం మధ్యలోంచి తల దూర్చి, "మేడం, వీళ్ళు మాట్లాడేది ఉత్త చెత్త గురించి!" అని అరిచింది.

"పోటీ సరుకును అందరూ అలాగే అంటారు" అని ప్రొఫెసరమ్మ నవ్వింది. టైమైపోయింది.

ఆ రోజంతా సుజన అన్నం ముట్టలేదు. "నా నోరే సక్కగ లేదు బిడ్డా" అని అండాలు కళ్ళొత్తుకుంది. సుజనకు తల్లి మీద కోపం రాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

సోమవారం సుజనకు మెయిల్ వచ్చింది. పుస్తకాలు చదివినవాళ్ళు ఏటా వస్తూనే ఉన్నారట. డంపింగ్‌ను స్వయంగా అనుభవించి, ముప్పై ఏళ్ళు టారిఫ్‌లు చూసిన మనిషి దొరకడం ఇదే మొదటిసారట. అందుచేత సీటు ఆ ఫైలు పట్టుకున్న పెద్దాయనకట, అంటే భానుమూర్తి గారికి.

"ఛ, ఛ, అది నీ సీటమ్మా. వద్దని ఇప్పుడే రాసేస్తాను" అన్నారాయన. ఫోన్ తీశారు. జెనీవాలో చలెంతుందో చూశారు. "అక్కడ స్వెట్టర్ కావాలంటావా?"

"అంకుల్, అది చెత్త గురించి కాదని వాళ్ళకు చెప్పండి!"

"ఇప్పుడా? మన దేశం పరువేం కావాలమ్మా?"

కోర్సుకు ఇంకా నెల గడువుంది. ఈలోగా అంతర్జాతీయ వాణిజ్యమంటే ఏమిటో భానుమూర్తి గారికి నేర్పే పని సుజన మీద పడింది. జీతమేమీ లేదు గానీ, అనుభవం వస్తుందని ఆయనే చెప్పారు.