దున్న కడుపులో మూడో గడి

ఒక పెద్ద అడవిలో జంతువులకి ఒక పంచాయతీ ఉండేది. సర్పంచి అడవిదున్న. మంచివాడే గానీ, మైకు ముందు నిలబడి "సోదర సోదరీమణులారా" అనగానే తేన్పు వచ్చేది. వెనక నుంచి కోతులు వన్స్‌మోర్ అనేవి.

సర్పంచికి రోషమొచ్చింది. "నా కడుపులో ఎవరెవరున్నారో జాబితా రాయించండి. అక్రమంగా ఉన్నవాళ్లని పంపించేద్దాం" అన్నాడు.

ఆ పని పేడపురుగు మంగతాయి మీద పడింది. ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఇది సవ్యంగా చేస్తే పర్మినెంటు చేస్తానన్నాడు సూపరింటెండెంటు ఉడుము. పేడలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి కంటికి ఆననివాళ్లు కూడా ఆమెకి కనపడతారు. దున్న నెమరుకి నోరు తెరవగానే లోపలికి దిగింది.

ఫారంలో రెండే గళ్లు. ఒకటి "మనలాంటివాళ్లు", రెండోది "బాక్టీరియా". లోపల బాక్టీరియాలు బారులు తీరి గడ్డి పులియబెడుతున్నాయి. చకచకా రాసుకుంది. ఓ మూల, ఆ బాక్టీరియాలు వదిలే హైడ్రోజన్ తిని మీథేన్ గ్యాసు వదులుతూ ఇంకెవరో కూర్చున్నారు.

"మీరెవరు పెద్దమ్మా?"

"ఆర్కియాలం తల్లీ, వేరే జాతి. చూడ్డానికి ఈ బాక్టీరియాల్లాగే ఉంటాం గానీ మా ఒంటి గోడల కట్టుబడే వేరు. గాల్లో ప్రాణవాయువు లేనప్పటి నుంచీ ఉన్నాం. మా మేనత్త వాళ్లు ఉప్పుమడుగులో, చిన్నాన్న వాళ్లు మరిగే నీటిబుగ్గలో కాపురం."

"మరి ఏ గడిలో రాయను?"

"ఉన్నదున్నట్టు రాయి."

మంగతాయి పెన్నుతో మూడో గడి గీసి తీసుకెళ్లింది. ఉడుము పట్టిందే పట్టు. "గడి గీసే అధికారం నీకెవరిచ్చారే? రెండు గళ్లున్నాయంటే లోకంలో ఉన్నవి రెండే జాతులు. ఇందులో పట్టనివాళ్లు అక్రమం. పైగా తేన్పులు వీళ్ల వల్లే."

"వాళ్లు తినేది మిగతావాళ్ల వ్యర్థం సార్. వాళ్లు గనక పోతే..."

"పర్మినెంటు కావాలా, వద్దా?"

మంగతాయి సంతకం పెట్టింది. కింద తేదీ కూడా పొందిగ్గా వేసింది. తర్వాత ఆమెకి ఎక్కువ సిగ్గనిపించింది దానికే.

ఎలుగుబంటి వైద్యుడు చేదు బెరడు కషాయం పోశాడు. ఆర్కియాలు పోయాయి. ఆ వారం సభలో సర్పంచి ఒక్క తేన్పు లేకుండా రెండు గంటలు మాట్లాడాడు. జనానికి అదో కొత్త కష్టం.

నాలుగోరోజుకి దున్న పొట్ట డోలులా బిగిసింది. గడ్డి ముట్టడు, పేడ వెయ్యడు. మంగతాయి ఇంట్లో పిల్లలు పస్తు. ఆమె మళ్లీ లోపలికి దిగి చూస్తే బాక్టీరియాలు చేతులు ముడుచుక్కూర్చున్నాయి.

"మేం వదిలే హైడ్రోజన్ తీసేవాళ్లేరి? ఇల్లంతా అదే నిండిపోయింది. పనెలా సాగుతుంది?"

మంగతాయి పక్క లోయకి పరుగెత్తింది. అక్కడి ముసలి దున్న నెమరుముద్దలో ఉన్న ఆర్కియాల కాళ్లావేళ్లా పడి ఒప్పించి, ఆ ముద్దని ఉండచేసి దొర్లించుకుంటూ తెచ్చింది.

ఉడుము సర్పంచి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "ఏ గడి?"

లోపల్నుంచి సర్పంచి మూలుగు వినపడింది. ఉడుము గొంతు సవరించుకుని, "బాక్టీరియా అని రాసెయ్" అన్నాడు.

"అబద్ధం కదా సార్."

"అబద్ధమే. కానీ గడిలో పట్టింది."

మంగతాయి ఈసారి సంతకం పెట్టలేదు. ముద్దని మాత్రం సర్పంచి నోట్లోకి తోసింది. సంతకం ఉడుమే గీకాడు. రెండ్రోజులకి దున్న లేచి మేతకెళ్లాడు. కొత్తరకం బాక్టీరియాని కనిపెట్టినందుకు ఉడుముకి శాలువా కప్పారు. ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టనన్నందుకు మంగతాయిని టెంపరరీ ఉద్యోగంలోంచి పర్మినెంటుగా తీసేశారు.

నీతి: సర్పంచి కడుపు ఉబ్బితే తప్ప ఆఫీసులో కాగితం కదలదు, కదిలినా అబద్ధం వైపే కదులుతుంది.